మిగిలిపోయిన ఎనిమిది లైట్లు

తమ్ముడి సంచి సర్దుతూ అనసూయ రెండుసార్లు అన్నీ బయటికి తీసి మళ్లీ పెట్టింది. రెండు పంచెలు, ఒక తువ్వాలు, దూది కట్ట, ఉతికి ఆరేసి చుట్టిన కట్టుగుడ్డలు, ఆసుపత్రివాళ్లిచ్చిన ఆయింట్‌మెంటు, దారిలో తినడానికి అరిటాకులో పులిహోర. ఇంతే. ఇంత మాత్రం సర్దడానికి అరగంట పట్టిందంటే అది సంచి తప్పు కాదు. తలెత్తితే వసారాలో కూర్చున్న తమ్ముడి మొహం చూడాల్సి వస్తుంది, అదీ సంగతి.

యల్లమంద కుడికాలు బారచాపి పీట మీద పెట్టుకుని కూర్చున్నాడు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా తెల్లటి కట్టు. ఆ కట్టు మీద ఈగ వాలితే తువ్వాలుతో తోలుతున్నాడు.

"అక్కా, ఇంకా ఎనిమిది లైట్లుండాయి గదా" అన్నాడు.

"ఉంటే ఉండాయిలేరా. తిరనాళ్లయినాక వద్దువు గాని. లైటు యాడికన్నా పారిపోద్దా?"

"మజ్జలో ఆపొద్దంది సిస్టరమ్మ."

"ఆమెకేం, అంటది. ఇంటి నిండా చుట్టాలు దిగితే వండి వార్చేది ఆమా, నేనా?"

యల్లమంద మళ్లీ ఈగలు తోలుకోసాగాడు. అక్క ఒకటి అన్నదంటే దాని మీద ఇంకో మాట అనే అలవాటు వాడికి చిన్నప్పటి నుంచీ లేదు. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు, అనసూయకు పదకొండు. వాణ్ణి చంకన వేసుకునే కలుపు తీసింది, చంకన వేసుకునే నీళ్లు మోసింది. పెళ్లై వెల్దుర్తి నుంచి నరసరావుపేట వచ్చేసిన రోజున వాడు బండి వెనక ఊరవతల దాకా పరుగెత్తుకొచ్చాడు. అప్పటి నుంచి ఆమెకు ఒక నియమం ఏర్పడింది. తమ్ముడు ఎప్పుడు వచ్చి వెళ్తున్నా బస్టాండు దాకా పోయి, బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడేది.

కాలి సంగతి మూడు నెలల నాటిది. ఇంటి ముందు నాపరాళ్లు పరిపిస్తుంటే ఒక రాయి చేయి జారి దాని అంచు ముంగాలి మీద పడింది. తెగింది జానెడే. కానీ మానలేదు. పసరు పోశారు, పొడి చల్లారు, సూదులు పొడిపించారు. పుండు పచ్చగా తిరిగి, కట్టు విప్పితే పక్కింటివాళ్లు తలుపులు వేసుకునేదాకా వచ్చింది. అప్పుడు అనసూయే మనిషిని పంపి తమ్ముణ్ణి నరసరావుపేట పిలిపించింది. రైలుకట్ట దగ్గరి చిన్న ఆసుపత్రిలో పుండ్లకు లైటు పెట్టి మాన్పుతున్నారని ఆమె విన్నది. ఆ పుణ్యం మాత్రం ఆమెదే. అది కూడా చెప్పాలి, ఎందుకంటే తరువాత ఆమె ఆ పుణ్యాన్ని ఎన్నోసార్లు తనకు తానే గుర్తు చేసుకుంది, ఏమీ లాభం లేకపోయినా.

ఆసుపత్రిలో ఆ లైటు చూసేది కృపావరం అనే నర్సు. నలభై ఏళ్ల మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. చక్రాల స్తంభానికి డొప్పలాంటిది బిగించి, అందులో దీపం. వెలిగించి ఐదు నిమిషాలు దాన్ని కాగనిచ్చేది. పుండు మేరకు కన్నం కత్తిరించిన దుప్పటి ముక్క కాలి మీద పరిచి, చుట్టూ మంచి చర్మం కనపడకుండా కప్పేది. డొప్పకు ఒక దారం కట్టి ఉండేది, దారం చివర ముడి. ఆ ముడి పుండుకు తగిలీ తగలనంత దూరంలో దీపాన్ని ఆపేది. తనకూ రోగికీ నల్లద్దాలు. అప్పుడు మూత తీసేది. నీలం వెలుగు కాలి మీద పడేది. పిడుగు పడ్డాక గాలికి ఉండే వాసన గదంతా అలుముకునేది.

"కదలమాక. వన్, టూ, త్రీ..." అని చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టేది కృపావరం. మొదటి రోజు పదిహేను. తరువాత రోజుకు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది. ఆమెతో పాటు యల్లమందా లెక్కపెట్టేవాడు. బళ్లో కాలు పెట్టనివాడు పన్నెండు రోజుల్లో ఇంగ్లీషులో డెబ్భై దాకా నేర్చుకున్నాడు.

"మీ తమ్ముడికి పుండు మానకపోయినా ఉద్యోగం వచ్చేట్టుందమ్మా" అని నవ్వేది కృపావరం.

కానీ పుండు మానుతోంది. ఎనిమిదో రోజుకు పచ్చ చీము ఆగింది. పదో రోజుకు అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రటి కండ లేచింది. కృపావరం దాన్ని అనసూయకు పిలిచి మరీ చూపించింది. "ఇరవై లైట్లయితే మూసుకుపోద్ది. మజ్జలో మాత్రం ఆపొద్దు. ఆపితే పురుగు మల్లీ లేస్తది, మల్లీ మొదటికొస్తాం" అంది.

పన్నెండో రోజు సాయంత్రం సత్తెనపల్లి నుంచి ఆడబిడ్డ మణెమ్మ కబురు వచ్చింది. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు కుటుంబంతో సహా వస్తున్నామని, నాలుగు రోజుల ముందే దిగుతామని.

మణెమ్మ పేరు చెబితే అనసూయకు చేతిలో గరిటె జారేది. కిందటిసారి వచ్చినప్పుడు, కంచం ముందు కూర్చుని ముక్కు ఎగబీల్చి, "ఏమే అనసూయా, మీ ఇంట్లో నీళ్లకి కూడా వాసనేందే? పుట్టింటి నుంచి తెచ్చుకున్నావా?" అని పదిమందిలో నవ్వింది. అందరూ నవ్వారు. అనసూయా నవ్వింది. ఆ నవ్వు ఆమె గొంతులో నాలుగు నెలలుగా అలాగే ఉంది. ఇప్పుడు నిజంగానే వసారాలో వాసన ఉంది. చీము ఆగినా కట్టు విప్పినప్పుడు గుప్పుమనేది. వాడు పాపం ఎవరూ లేవకముందే పెరటి చివరికి పోయి తన కట్టుగుడ్డలు తానే ఉతుక్కునేవాడు. ఒకసారి అడిగాడు కూడా.

"వాసనొస్తందా అక్కా?"

"ఛ, లేదురా" అంది.

మొగుడు పున్నయ్య పత్తిమిల్లులో గుమస్తా, నెమ్మది మనిషి. "వెనక కొట్టంలో మంచం వేద్దాంలేవే, పాపం ఉండనీ" అన్నాడు. "కొట్టంలో పడుకోబెట్టానని మా వాళ్లు, ఇంట్లో ఉంచానని మీ వాళ్లు. నన్నెట్టా చావమంటావు?" అని ఆమె గయ్యిమంది. అతను పెరట్లోకి పోయాడు.

అందుకని సంచి. అందుకని పులిహోర.

వాడు ఎదురు చెప్పకుండా కూర్చోవడమే ఆమెకు మరీ కష్టమైంది. తిట్టినా బాగుండేది. ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి, ఊరికే గెంటేసినట్టు ఉండకూడదు. అప్పుడు ఆమెకు ఆసుపత్రి దారిలో రోజూ చూసే వెల్డింగు షాపు గుర్తొచ్చింది.

"ఒరేయ్ యల్లమందా, మాచర్లలో సుభానీ లేడూ, మన బండి ఇరుసు అతికించాడు చూడు? ఆ వెల్డింగు లైటూ ఈ లైటూ ఒకటేరా. ఆ నీలం అదే, ఆ వాసనా అదే. వాళ్లూ నల్లద్దాలే పెట్టుకుంటారు. ఈ పది రోజులు రోజూ పోయి అతని పక్కన కాలు చాపుకు కూసో. తిరనాళ్లయినాక వచ్చి మిగతాయి ఈడ పెట్టిచ్చుకుందువు."

యల్లమంద మొహం విచ్చుకుంది. "నిజంగానా అక్కా?"

"మరి? ఆసుపత్రిది పుండు కోసం చేసింది. అది ఇనుము కోసం చేసింది. అందుకని కాస్త ఎక్కువ సేపు కూసోవాలి. అంతే తేడా."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజమో కాదో కనుక్కోవాలనీ అనుకోలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులో నుంచి ఆ మాట జారింది. ఇంకెవరైనా అయితే వాడు నవ్వి ఊరుకునేవాడేమో. అనసూయ చదువుకున్న మనిషి. బడికి పోయి కాదు. పచారీ పొట్లాల కాగితాలు, మిల్లు నుంచి పున్నయ్య తెచ్చే పాత పేపర్లు ముందు పెట్టుకుని, తెలిసిన అక్షరం నుంచి తెలియని అక్షరానికి దాటుకుంటూ ముప్పై ఏళ్ల వయసులో చదవడం నేర్చుకుంది. వెల్దుర్తిలో యల్లమంద ఆ సంగతి చెప్పని అరుగు లేదు. "మా అక్క చెప్పిందంటే అచ్చులో ఉన్నట్టే" అనేవాడు.

బస్టాండులో వాణ్ణి మాచర్ల బస్సు ఎక్కించి, సంచి ఒళ్లో పెట్టింది. వాడు కిటికీలో నుంచి, "తిరనాళ్లలో నా పేరున ఒక టెంకాయ కొట్టు అక్కా" అన్నాడు. సరే అంది. సరిగ్గా అప్పుడే అవతలి వైపు సత్తెనపల్లి బస్సు వచ్చి ఆగింది. మణెమ్మ దిగేసరికి తాను ఎదురుగా కనపడకపోతే ఎన్ని మాటలంటుందో. అనసూయ గబగబా అటు నడిచింది. వెనక్కి తిరిగి చూసేసరికి మాచర్ల బస్సు లేదు. నియమం తప్పింది అదొక్కసారే.

మణెమ్మ గడపలో కాలు పెట్టి, ఊపిరి పీల్చి, "ఏందే, ఇల్లు కడిగినట్టుండావే?" అంది. అంతే. ఆ ఒక్క మాట కోసం.

శివరాత్రి నాడు అందరూ బండి కట్టుకుని కొండకు పోయారు. ఊళ్ల నుంచి వచ్చిన ప్రభలు తాడిచెట్లంత ఎత్తున, ఒంటి నిండా కరెంటు బల్బులతో వెలుగుతున్నాయి. మణెమ్మ పిల్లలు ఏ ఊరి ప్రభ పెద్దదని పోట్లాడుకుంటున్నారు. అనసూయ టెంకాయ కొట్టింది. ఒక ప్రభలో నీలం బల్బులు గుండ్రంగా తిరుగుతుంటే, తనకు తెలియకుండానే వన్, టూ, త్రీ అని లెక్కపెడుతోంది. నలభై దాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు, చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే, ఉప్పు కోసమని చెప్పి ఆసుపత్రికి పోయింది.

"ఏమ్మా, మీవాడు ఐదు రోజులుగా పత్తా లేడే?" అంది కృపావరం.

"పొలం పని తగిలింది సిస్టరమ్మా. వస్తాడు." కాసేపు చీర చెంగు నలిపి, "ఒక మాట అడగనా. వెల్డింగు లైటు కూడా ఇట్టాంటిదేనంట గదా?" అంది.

కృపావరం చేతిలోని దూది పళ్లెంలో పడేసింది. "ఎవరన్నారా మాట? ఇదైతే నేను దారంతో కొలిచి, సెకన్లు లెక్కపెట్టి పెడతన్నా. పది సెకన్లు ఎక్కువైతేనే తోలు ఊడొస్తది. దానికి కొలతేంది, లెక్కేంది? పైగా ఆ రవ్వలు, ఆ ఇనప మురికి. పచ్చి పుండుని పొయ్యిలో పెట్టినట్టే. ఎవరన్నా కూసుంటన్నారా ఏంది?"

"లేదు లేదు, ఊరికే, పేపర్లో ఏదో..." అని అనసూయ బయటపడింది.

దారిలోనే పోస్టాఫీసులో కార్డు తీసుకుంది. ఇంటికి వచ్చి, వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. "చిరంజీవి యల్లమందకు అక్క ఆశీర్వదించి వ్రాయునది. ఇచట అందరము క్షేమము." తరువాత వాక్యం, "వెల్డింగు లైటు గురించి నేను చెప్పినది తప్పు," అని మనసులో సిద్ధంగా ఉంది. కలం ఆగింది.

వెల్దుర్తిలో కార్డు ఎలా అందుతుందో ఆమెకు తెలుసు. యల్లమందకూ, వాడి పెళ్లాం కోటేశ్వరమ్మకూ చదువు రాదు. పోస్టుమాన్ టీకొట్టు ముందు సైకిలు ఆపి, "యల్లమందా, మీ అక్క కార్డు" అని కేకేసి, పదిమందిలో గట్టిగా చదువుతాడు. అందరూ చెవులు రిక్కించి వింటారు. పేపర్లు చదివే అక్క తమ్ముణ్ణి వెల్డింగు షాపుకు పంపిందని, అదీ తప్పని తానే రాసిందని, ఆ సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఎందుకు పంపిందో కూడా ఎవరో ఒకరు ఊహిస్తారు.

"ఏం రాస్తన్నావే అంత దీర్ఘంగా?" అని గుమ్మంలో నుంచి మణెమ్మ అడిగింది.

"ఏం లేదొదినా. తమ్ముణ్ణి రమ్మని."

ఆ మాటే రాసింది. "తిరనాళ్లు అయిపోయినవి. లైట్లు ఎనిమిది మిగిలి ఉన్నవి. కార్డు చూసిన వెంటనే బయలుదేరి రావలెను." చివర, కార్డులో ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూస్తూ కాసేపు కూర్చుని, తీసుకుపోయి డబ్బాలో వేసింది. వస్తాడు గదా, వచ్చాక నోటితో చెబుదాం అనుకుంది.

కార్డు అందింది. పోస్టుమాన్ చదివాడు. యల్లమంద విని సంతోషించాడట. "అక్క పిలిచింది. కానీ పాపం చుట్టాలతో సతమతమవుతా ఉంటది. మనకి ఇక్కడే లైటు దొరికింది గదా, అది పూర్తయ్యాకే పోదాం" అన్నాడట. ఈ సంగతి సుభానీ తరువాత చెప్పాడు, గుంటూరులో.

గుంటూరు పెద్దాసుపత్రి నుంచి కబురు మార్చి మొదటివారంలో వచ్చింది. అనసూయ, పున్నయ్య పోయేసరికి కాలు తీసేసి రెండు రోజులైంది. తొడ సగం దాకా. మంచం మీద దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా ఉంది. ఆమె ఆ పల్లం వైపు చూడకుండా మంచం తల వైపు చేరింది.

కోటేశ్వరమ్మ ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు కోపానికి వచ్చింది. "చెప్పు ఒదినా, ఏ మనిషన్నా చేసే పనేనా ఇది? రోజూ బస్సెక్కి మాచర్ల పోవడం, ఆ రవ్వల ముందు పుండు తెరిచి కూసోవడం. నేను పొలం పని మీద పోతన్నాడనుకున్నా. కాలు ఊదిపోయి జొరమొచ్చి పడిపోతే గానీ నాకు తెలవదే!"

గుమ్మం దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తల మీది టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. సుభానీ.

"నేను వద్దన్నానమ్మా" అన్నాడు. "ఇది ఇనుముని అతికించే లైటయ్యా, మనిషిని కాదు, లేచి పో అన్నా. రెండు రోజులు తరిమేశా. మూడో రోజు మల్లీ వచ్చి కూసున్నాడు. అంత నమ్మకంగా చెప్తంటే, ఏమో, నాకు తెలవదేమో అనుకున్నా. నాదే పొరపాటు. వన్ టూ అని లెక్కపెట్టుకుంటా కూసునేవాడు. డెబ్భై అయినాక మల్లీ మొదలుపెట్టేవాడు."

"ఎవరు చెప్పారయ్యా ఈయనకి?" అని కోటేశ్వరమ్మ లేచింది. "ఆ చెప్పినోళ్లెవరో నాకు చెప్పు. ఆళ్ల ఇంటి ముందు మన్ను పోస్తా."

సుభానీ నోరు తెరిచాడు. మంచం మీది నుంచి యల్లమంద గొంతు వచ్చింది, పల్చగా.

"ఎవరూ చెప్పలా. నాకే తోచింది."

"నీకా? నీకు తోచేంత బుర్ర యాడిదయ్యా?"

"తోచిందిలేవే. ఇంక ఊరుకో."

సుభానీ ఒకసారి అనసూయ వైపు చూశాడు. ఒక్కసారే. తరువాత చూపు దించి టోపీ పెట్టుకున్నాడు. అతనికి తెలుసని ఆమెకు తెలిసింది. యల్లమంద ఆమె వైపు చూడనే లేదు, కళ్లు మూసుకున్నాడు. నోరు తెరవడానికి ఆమెకు కావలసినంత సమయం దొరికింది. కిటికీ బయట ఎవరో పళ్లబండివాడు కేకేసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయాడు. ఆమె తమ్ముడి నుదుటి మీద చెమట తుడిచి, "మజ్జిగ తాగుతావా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో, బస్సులో, పున్నయ్యకు చెప్పింది. ఏడవకుండా చెప్పింది. అతను కిటికీ వైపు తిరిగి కూర్చుని, "తెలుసు" అన్నాడు. "ఆ రోజు నేను పెరట్లోనే ఉన్నా. నువ్వన్నది విన్నా."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"మణెమ్మొస్తందని" అన్నాడు.

ఆ తరువాత వాళ్లిద్దరూ ఆ విషయం ఎత్తలేదు. కృపావరం ఒకసారి సంతలో కనపడి, "మీ తమ్ముడేమయ్యాడమ్మా, ఎనిమిది లైట్లు బాకీ పెట్టి పోయాడు" అని నవ్వితే, "బాగానే ఉన్నాడు" అని అనసూయ చింతపండు బేరంలోకి తల దూర్చింది. అప్పటి నుంచి ఆసుపత్రి ఉన్న దారిలో నడవడం మానేసింది.

యల్లమందకు చంకకర్ర అలవాటైంది. గేదెలు చూసుకుంటూ, అరుగు మీద తాళ్లు పేనుతూ బతికాడు. ఆమె ఏడాదికి రెండు మూడుసార్లు వెల్దుర్తి పోయేది. వాడు ఎప్పటిలాగే "అక్కా" అని పిలిచేవాడు, పిల్లల చేత కాళ్లకు నీళ్లిప్పించేవాడు. ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఒక్క అరుగు కబుర్లే మారాయి. మా అక్క పేపర్లు చదువుతుందని చెప్పుకోవడం మానేశాడు. వెళ్లిన ప్రతిసారీ ఆమె, "శివరాత్రికి రారా, ఒక వారం ఉండిపో" అనేది.

"ఈ కర్రతో బస్సు మెట్లు ఎక్కలేనక్కా. చూద్దాంలే."

అలాగేలే అని ఆమె సరిపెట్టుకునేది. ఒకసారి కోటేశ్వరమ్మ బియ్యం చెరుగుతూ మాటల్లో అనేసింది. "ఈయనకి ఇంట్లో కాలు నిలవదొదినా. పదిరోజులకోసారి బస్సెక్కి మాచర్ల పోయి ఆ సుభానీ షాపు ముందు కూసుని కబుర్లు చెప్పొస్తాడు."

అనసూయ తల వంచుకుని చేటలో రాళ్లు ఏరింది. లేని రాళ్లు కూడా ఏరింది.

యల్లమంద నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సెక్కింది 1985 ఫిబ్రవరి 13, బుధవారం నాడు. 1989 జూన్‌లో వెల్దుర్తిలో చనిపోయేదాకా అక్క ఇంటికి మళ్లీ రాలేదు.